అడవి యంచున విమానాశ్రయము: వానకును వరాహమునకును పూచీ యెవరిది?

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మము పట్టణములో సగము పేటలను ముంచినది. ప్రకాశనగరు వంతెనమీద తొమ్మండుగురు చిక్కుకొనిరి. రెండు ప్రక్కలను పరవళ్లు త్రొక్కు నీరు, నడుమ వారు. హెలికాప్టరు వచ్చి తమ్ము తీసికొనిపోవునని వారెదురుచూచిరి. ఒడ్డున నిలిచిన జనమును ఎదురుచూచెను. వాతావరణ మనుకూలింపనందున అది రాలేదు. తుదకొక జె.సి.బి. చోదకుడు తన యంత్రమును వరదలోనికే నడిపించి ఆ తొమ్మండుగురిని ఒడ్డునకు చేర్చెను.

దీనికి రెండేండ్లకు పూర్వము, 2022 జూలై 16న, భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల మహాప్రవాహము తరువాత అంతటి నీటిని ఆ యూరు చూచి యుండలేదు. 53 అడుగులకే మూడవ ప్రమాదహెచ్చరిక చేయుదురన్న సంగతి మన పాఠకు లెరిగినదే. మరునాడు ముఖ్యమంత్రి ఆకాశమునుండి వరదను చూడ సంకల్పించిరి, మబ్బు సందీయలేదు, రోడ్డుమార్గముననే భద్రాచలమునకు రావలసి వచ్చెను. గవర్నరు రైలెక్కి మణుగూరునకు వచ్చిరి. రాష్ట్రమునందు పెద్దపదవులలో నున్న యిరువురును ఆ దినమున నేలను నమ్ముకొనియే వచ్చిరి.

ఖమ్మము, భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలవారు విమానాశ్రయము కావలయునని చిరకాలముగా కోరుచున్నారు. భద్రాద్రి రాముని దర్శనమునకు వచ్చు యాత్రికులు, సింగరేణి గనులు, పాల్వంచ విద్యుత్కేంద్రము, సారపాక కాగితపు కర్మాగారము, ఇవన్నియు నా కోరికకు బలము చేకూర్చుచున్నవి. వరదలు వచ్చినపుడు సహాయము వేగముగా చేరునను వాదము కూడ నీ నడుమ తోడైనది. మేమీ కోరికకు విరోధులము గాము. కాని పైరెండు సంఘటనలను విమానాశ్రయము తరఫున సాక్ష్యముగా నిలువబెట్టువారు ఒక సంగతిని మరచుచున్నారు. ఆ రెండు దినములలోను ఎగురుటకు సాధనములు లేక కాదు, ఎగురుటకు ఆకాశము లేక ఆగిపోయిరి. రన్‌వే యొకటి పరచినంతమాత్రమున ఆకాశము తెరచుకొనదు.

రాష్ట్రమున ఆరు విమానాశ్రయముల ప్రతిపాదన బయలుదేరినపుడు వరంగల్లు మామునూరు, ఆదిలాబాదు, జక్రాన్‌పల్లి, బసంతనగరు, దేవరకద్రలతోపాటు పాల్వంచ పేరును చేరినది. పిమ్మట చూపు కొత్తగూడెము పొరుగునగల గరీబుపేట, రామవరము భూములవైపు మరలినది. 2025 జనవరిలో భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థవారి బృందము వచ్చి స్థలమును చూచిపోయినది. ఆ స్థలము తగినది కాదని తరువాత వార్తలు వెలువడినవి. మామునూరునకు మాత్రము 2025 ఫిబ్రవరి 28న కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చినది. కొత్తగూడెమున స్థలము మారవచ్చును గాని కోరిక పోవునది కాదు. ఆ కోరిక తిరిగి కాగితములమీదికి వచ్చులోపల మనము కొన్ని ప్రశ్నలను సిద్ధముచేసికొని యుండుట మంచిది. ఏలయన, ఆ ప్రాంతమున ఎక్కడ కట్టినను ఒక దిక్కున 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యము, మరియొక దిక్కున బొగ్గు తవ్వు బహిరంగ గనులు, నడుమ చెరువులు, వరిమళ్లు, జామాయిలు తోటలు ఉండకమానవు. పేరునకు భద్రాచలము విమానాశ్రయమే యగును గాక! భద్రాచలము రోడ్డు అని పేరుగల రైలుస్టేషనులో దిగి, రాములవారెక్కడ అని యడిగినవారికి ఇంకను నలువది కిలోమీటర్లు పోవలయునని చెప్పుట మనకలవాటైన పనియే.

విమానమునకు జంతు వడ్డువచ్చినపుడు పత్రికలవారు "అనుకోని విధముగా" అని వ్రాయుదురు. మేమును అట్లే వ్రాసి యుందుము. కాని మన జిల్లాల రైతు నడిగినచో అడవిపంది అనుకోని విధముగ వచ్చునని యతడు చెప్పడు. మొక్కజొన్న పాలుపోసికొను దినములలో అది వచ్చును. చెలమలో నీరింకినపుడు వచ్చును. ఏ గట్టుక్రిందినుండి దూరునో అతనికి తెలియును. కోతి యెప్పుడు మిద్దెదిగునో, కొంగ యే దుక్కివెంట నడచునో, తీతువు ఎచ్చట గ్రుడ్లు పెట్టునో అతని కెరుక. రన్‌వే మీదికి వచ్చునవియు నీ జంతువులే, ఈ పక్షులే. ఆకలియు దాహమును చలియు వానిని త్రోలుచున్నవి. ఆ త్రోవలో మనము తారుబాట వేయుచున్నాము.

2014 నవంబరు 6న సూరతు విమానాశ్రయమున ఢిల్లీకి బయలుదేరి పరుగెత్తుచున్న బోయింగు విమానమునకు గేదె యొకటి తగిలినది. విమానము నిలిచిపోయినది, ప్రయాణికులు క్షేమముగా దిగిరి. ఒక గేదె ప్రహరీ దాటి విమానముదాక నడచి వచ్చినదనగా ఆ ప్రహరీ ఎట్టిదో చెప్పనక్కరలేదు. మరుసటి యేడు డిసెంబరు 4న జబల్‌పురములో దిగుచున్న విమానమొకటి అడవిపందుల మందను కొట్టి, చక్రములు దెబ్బతిని, రన్‌వే ప్రక్కకు ఒరిగినది. అప్పుడును ప్రాణహాని కలుగలేదు. జబల్‌పురము విమానాశ్రయము ఊరికి వెలుపల, చెట్లు పొదలుగల ప్రదేశమున నున్నది. మన కొత్తగూడెమునకు దగ్గరిపోలిక దేశమున నెక్కడ నున్నదని యడిగిన, మేము సూరతును చూపము, జబల్‌పురమునే చూపుదుము.

ఇంటిదగ్గరి యుదాహరణము శంషాబాదుది. 2024 ఏప్రిల్ 28 తెల్లవారుజామున హైదరాబాదు అంతర్జాతీయ విమానాశ్రయపు కంచెను చిరుతపులి యొకటి దాటినది. కంచెకు అమర్చిన తీగలు తగిలి అలారము మ్రోగినందున సంగతి వెంటనే తెలిసినది. ఈ మేరకు అక్కడి యేర్పాటును మెచ్చుకొనవలసినదే. అటుపిమ్మట పని విమానాశ్రయపువారిది కాలేదు, అటవీశాఖవారిదైనది. బోనులు తెచ్చిరి, కెమెరాలు కట్టిరి, మేకను ఎర పెట్టిరి. ఐదారు దినములకు చిరుత బోనులో పడినది. వైద్యులు పరీక్షించిన పిదప దానిని నల్లమలలో విడిచిపెట్టిరి. రాజధానినగరపు విమానాశ్రయమునకే అన్నిదినములు పట్టినవి. అడవి యంచున నుండు చిన్న విమానాశ్రయమునకు బోను ఎచ్చటనుండి వచ్చును? మత్తుమందిచ్చు వైద్యుడు ఎన్ని గంటలకు చేరును? 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము ననుసరించి విమానాశ్రయపు కావలివాడు చిరుతపై చేయి చేసికొనరాదు; చేసికొనకుండుటయే న్యాయము. అట్లయిన నా రాత్రి బాధ్యత ఎవరిదో ముందుగా కాగితముమీద నుండవలయును.

గోడ కట్టిన చాలదా యని కొందరందురు. గోడకును నీటికిని గల వైరము తెలియనివారు అడుగు ప్రశ్న యిది. రన్‌వే నడుమ నెత్తుగాను అంచులకు వాలుగాను పరచుదురు. ఆ వాలు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు మాత్రమే యుండును, కంటి కానదు. పడిన వాన ఆ వాలువెంట జారి, ప్రక్కకాలువలలోనికి చేరి, అటనుండి ప్రహరీ క్రిందుగా బయటికి పోవలయును. నీరు పోవు త్రోవననే నక్క వచ్చును, ఉడుము వచ్చును, పందిపిల్ల వచ్చును. ఆ కాలువనోటికి ఇనుపచువ్వలు బిగింతురు. చువ్వలు దగ్గరగా నున్నచో తొలకరినాడు కొట్టుకొనివచ్చిన ఆకులు, కొమ్మలు, ప్లాస్టిక్ సంచులు వానికి చుట్టుకొని కాలువను మూయును. నీరు వెనుకకు తన్ని రన్‌వేమీద నిలుచును. చువ్వలు దూరముగా నున్నచో నక్కకు ద్వారము తెరచినట్లే. మన చెరువుతూముల దగ్గర నీ తగవు తరతరములుగా నున్నదే. తూమునకు మనిషిని పెట్టినవానికి చెరువు దక్కినది. విమానాశ్రయమున కూడ ఇంతకంటె గొప్ప ఉపాయమెవ్వరును కనిపెట్టలేదు. వానరాత్రి దీపము పట్టుకొని చువ్వలవద్ద చెత్తను లాగివేయు మనిషియే దానికి ఉపాయము. టెండరు పత్రములలో గోడ పొడవు, ఎత్తు వ్రాయుదురు. ఆ మనిషి జీతము వ్రాయుదురో లేదో చూడవలయును.

గోడయే శత్రువైన సందర్భములు కలవు. 2018 ఆగస్టులో పెరియారు నది పొంగి కొచ్చి విమానాశ్రయమును ముంచినది. 15వ తేదీన మూసిన దానిని 29వ తేదీన గాని తెరువలేకపోయిరి. ప్రహరీ చాలదూరము కూలిపోయినది. 2015 డిసెంబరు మొదటివారమున చెన్నపట్టణపు విమానాశ్రయము అడయారు వరదలో మునిగి పలుదినములు మూతపడినది. ఆ విమానాశ్రయపు రెండవ రన్‌వేను నదిమీద వంతెన కట్టి దానిపై పరచిరి. నది తన చోటు తానడిగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణపు విమానాశ్రయ భవనపు కప్పును చించివేసినపుడు కొన్నిదినములు ఆ నగరమునకు విమానములు రాలేదు. ఈ మూడును సముద్రమునకు సమీపమునగల ఊళ్లు. మనకు సముద్రము లేదని తృప్తి పడనక్కరలేదు. మనకు గోదావరి, మున్నేరు, కిన్నెరసాని, తాలిపేరు చాలును.

పక్షుల ముచ్చట వేరు. పందికి గోడ కట్టవచ్చును గాని గ్రద్దకు గోడ లేదు.

2009 జనవరి 15న న్యూయార్కు నగరమున పైకి లేచిన విమానమొకటి కెనడా బాతుల గుంపును ఢీకొని రెండింజనులను ఒక్కమారు పోగొట్టుకొనగా, చోదకుడు దానిని హడ్సను నదిమీద దింపి 155 మందిని బ్రదికించెను. లోకమంతయు నాతనిని కొనియాడినది. 1960 అక్టోబరు 4న బోస్టనులో గోరువంకల జాతికి చేరిన చిన్నపిట్టల గుంపు తగిలి విమానము కూలి 62 మంది చనిపోయిన సంగతి అంతగా ఎవరికిని జ్ఞాపకము లేదు. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని ముయాను విమానాశ్రయమున 179 మంది మరణించిరి, ఇరువురు మాత్రమే మిగిలిరి. ఆ విమానపు రెండింజనులలోను బాతుజాతి పక్షుల ఈకలు, నెత్తురు కానవచ్చినవని దర్యాప్తు చేయువారు 2025 జనవరిలో వెల్లడించిరి. చక్రములు తెరువకయే దిగిన ఆ విమానము రన్‌వే చివర కాంక్రీటుతో బలపరచిన దిమ్మెను గ్రుద్దుకొనుటచే అంతటి చేటు వాటిల్లినది. పక్షి యొక్కటే యింత చేయలేదు. పక్షి చేసిన తప్పును మనిషి కట్టిన దిమ్మె పూర్తి చేసినది.

విమానాశ్రయమునకు చుట్టును 13 కిలోమీటర్ల మేర పక్షులను ఆకర్షించు చెరువులు, చెత్తకుప్పలు, పంటలు ఏవేవి కలవో గుర్తించి చూడవలయునని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థవారు చెప్పుదురు. కిన్నెరసాని జలాశయమును, దానిచుట్టునున్న చెరువులను ఈ లెక్కతో చూడవలయును. శీతకాలమున వలసవచ్చు బాతులు తెల్లవారుటకు ముందు నీటినుండి లేచి మేతకు పోవును, చీకటిపడువేళకు మరలును. పొద్దుటివిమానము, సాయంకాలపు విమానము అని మనము ముచ్చటపడు వేళలును అవియే. మా మాట జలాశయమును పూడ్చుమని గాని పక్షులను చంపుమని గాని కాదు. వాని త్రోవకు అడ్డముగా రన్‌వే దిక్కును నిలుపకుండుట మన చేతిలో నున్నది. కాగితముమీద గీత త్రిప్పుటకు ఖర్చు లేదు. తారు పోసిన తరువాత త్రిప్పలేము.

చెత్త సంగతి మన పట్టణవాసులకు సంబంధించినది. విమానాశ్రయమునకు పది కిలోమీటర్లలోపల పశువులను వధించుట, తోలు ఒలుచుట, కసవు కుళ్లు పారవేయుట కూడదని 1937 నాటి విమాననియమావళి 91వ నియమమున వ్రాయబడియున్నది. ఆ నియమావళి దొరల కాలము నాటిది. స్వరాజ్యము వచ్చిన యిన్నేండ్లకును దేశమున ఏ పట్టణము దీనిని మనస్ఫూర్తిగా పాటించినదని అడిగిన జవాబు చెప్పుట కష్టము. 2022 జూన్ 19న పాట్నాలో పైకి లేచిన విమానమునకు పక్షి తగిలి ఇంజనులో మంటలు లేచినవి. చోదకుని నేర్పువలన 185 మంది ప్రయాణికులు క్షేమముగా నేల చేరిరి. కొత్తగూడెము, పాల్వంచ పట్టణముల చెత్త ఎచ్చటికి పోవుచున్నదో, కోళ్ల అంగళ్ల వ్యర్థము ఏ కాలువగట్టున పడుచున్నదో మన కౌన్సిలర్లకు తెలియనిది గాదు. విమానము కావలయునని ధర్నాలు చేయు పెద్దలు చెత్తకుప్ప కదల్చుమని ఒక్కనాడైనను కూర్చుండిరా? గ్రద్దకు విమానాశ్రయము గొడవ లేదు, కోడిప్రేగు గొడవ గలదు.

పొలముగల గృహస్థులకు కూడ నొక మాట. రన్‌వే ప్రక్కన భూమి మిగిలినవారు ధర పెరుగునని సంతోషింతురు, సహజమే. కాని రన్‌వే ప్రక్కమడిలో వరి కోసి పనలు పరచినపుడు పిట్టలు దిగును. దున్నినపుడు కొంగలు నాగలివెంట బడును. చేపలచెరువు త్రవ్వినచో నీటికాకులు మూగును. ఏ పంట వేయవలయును, ఏది వేయరాదు, చెరువు త్రవ్వవచ్చునా, మిద్దె ఎంత యెత్తు కట్టవచ్చును, ఈ ఆంక్షలన్నియు గోడకు వెలుపల నున్న భూమికి తగులును. గోడలోపలి భూమికి పరిహారము ఇత్తురు. వెలుపలి భూమికి ఆంక్షలను మాత్రమే యిత్తురు. ఈ మాట భూసేకరణ సభలలో ఎవ్వరును ఎత్తుట లేదు గనుక మేమెత్తుచున్నాము.

విమానాశ్రయములోపల పిట్టలను తోలుటకు చేయు యత్నములు మన చేలకావలికి భిన్నములు కావు. టపాకాయలు కాల్తురు, వాయువుతో ప్రేలు తుపాకులు మ్రోగింతురు, బెదరిన పిట్టల కేకలను యంత్రములద్వారా వినిపింతురు, లేసరు కిరణములను త్రిప్పుదురు. మొదటివారము పిట్టలు లేచిపోవును, రెండవవారము చూచి ఊరకుండును, మూడవవారము ఆ తుపాకిమీదనే వ్రాలును. మన బెదురుబొమ్మ నెత్తిన కాకి కూర్చుండుట చూడనివారెవ్వరు? గడ్డి విషయము మరియు చిక్కైనది. పొట్టిగా కోసినచో పురుగులు బయటపడి తీతువులు, గోరువంకలు దిగును. పొడవుగా పెంచినచో ఎలుకలు చేరును. ఎలుకలకై పాములు, గ్రద్దలు, గుడ్లగూబలు వచ్చును. శీతలదేశములలో జానెడు గడ్డి మేలని చెప్పుదురు. ఆ కొలత మన నేలకు సరిపోవునో లేదో మన నేలమీదనే చూడవలయును. తొలకరి జల్లు పడిన మరునాడు వానపాములు తారుబాటమీదికే ప్రాకి వచ్చును, వానివెంట పిట్టలు వచ్చును. ఆ యుదయమున జీపులో తిరిగి చూచువాడు ఒకమారు గాక నాలుగుమారులు తిరుగవలయును.

ఆ తనిఖీలో ఏదైన కనబడినచో జరుగు పని యిట్లుండును. జీపులోనివాడు కంట్రోల్ టవరునకు చెప్పును. టవరు దిగుచున్న చోదకునకు చెప్పును. అతడు దిగుట మానుకొని విమానమును మరల పైకెత్తి చుట్టు తిరుగును. దారి క్లియరైనచో దిగును. కానిచో ప్రత్యామ్నాయ విమానాశ్రయమునకు పోవును. అందునకై గమ్యమునకు చాలు ఇంధనమునకు తోడు ప్రత్యామ్నాయమునకు చేరుటకును, అక్కడ మరి ముప్పది నిమిషములు గాలిలో తిరుగుటకును ఇంధనముండవలయును. పంది యడ్డమువచ్చిన దినమున నీ పద్ధతి చక్కగా పని చేయును. కాని కొత్తగూడెమునకు ప్రత్యామ్నాయము లేవి? గన్నవరము, రాజమహేంద్రవరము, శంషాబాదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో మున్నేరును పొంగించిన వానయే బుడమేరును పొంగించి విజయవాడను ముంచినది. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినచో అది ఖమ్మమును విడిచి గన్నవరమును కరుణింపదు. కావున మన విమానమునకు ప్రత్యామ్నాయము ఆ తుఫాను చేయి చాచలేనంత దూరమున నుండవలయును. అంత ఇంధనము మోయవలయును. అంత మోయు చిన్నవిమానమునకు ప్రయాణికులు తగ్గుదురు. ప్రయాణికులు తగ్గినచో టిక్కెట్టు ధర పెరుగును. ఈ లెక్క ఎవ్వరును మనకు చెప్పుట లేదు.

వానలో దిగుట యన్న, రన్‌వేమీద మూడు మిల్లీమీటర్లకు మించి నీరు నిలిచినచో చక్రము తారును పట్టక నీటిమీదనే జారును. 2020 ఆగస్టు 7న దుబాయినుండి వచ్చిన విమానము కోళిక్కోడున వానలో దిగి, కొండమీది రన్‌వే చివర దాటి లోయలో పడి 21 మంది చనిపోయిరి. మొదటి ప్రయత్నము విఫలమైన తరువాత చోదకుడు వెనుకగాలి వీచుచుండగా రెండవమారు దిగెను. రన్‌వే సగము దాటిన పిదప గాని చక్రములు నేల తాకలేదు. మరునాటి యుదయము మరియొక విమానము నడుపవలసియున్నందున ఎట్లైన అక్కడనే దిగవలయునను తపన అతనికి కలిగియుండెనని విచారణసంఘమువారు వ్రాసిరి. అనుభవశాలియైన చోదకుడు. పాఠకులీ సంగతిని మనసున నుంచుకొందురు గాక.

ఏలయన, మన ప్రాంతమున చోదకుని తొందరపెట్టువారి సంఖ్య తక్కువ కాదు. శ్రీరామనవమినాడు ముత్యాల తలంబ్రాలు తెచ్చువారు, వరద చూడవచ్చువారు, శంకుస్థాపన చేయవచ్చువారు, అందరును ముహూర్తమునకు చేరవలసినవారే. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టరు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు పోవుచు నల్లమలమీద చెడువాతావరణమున చిక్కి కూలినది. మరునాటికి గాని జాడ తెలియలేదు. ఆ దినమున ఆంధ్రదేశమంతయు రేడియోల ముందును టెలివిజనుల ముందును కూర్చుండుట మేమెరుగుదుము. "ఈ దినము ఎగురను" అని చెప్పు చోదకుడు పిరికివాడు కాడు. ఆ మాటను విని కారెక్కు మంత్రి చిన్నవాడు కాడు. 2022లో భద్రాచలమునకు రోడ్డున వచ్చుటను ఎగతాళి చేసిన వారుండిరేమో తెలియదు గాని, మేము మాత్రము దానిని తెలివైన పనిగనే యెంచుచున్నాము.

ఇక మంచు, ధూళి, ఎండ. గోదావరిలోయలో మాఘమాసపు మంచు పొద్దెక్కువరకు కదలదు. బొగ్గుగనుల పేలుడు ధూళి, విద్యుత్కేంద్రపు పొగ దానితో కలియును. పాల్వంచలో 2024 ఆగస్టు 5న పాతకేంద్రపు శీతలీకరణ గోపురములు ఎనిమిదింటిని ఒక్కమారు కూల్చివేసిరి. ఆకాశమునకు అడ్డు కొంత తగ్గినది గాని పొగగొట్టములు నిలిచియే యున్నవి. కొత్తగూడెపు వేసవి యెండను వర్ణింపనక్కరలేదు. వేడిగాలి పలుచనైనందున విమానము లేచుటకు ఎక్కువ పరుగు కావలయును. ఎక్కువ పరుగునకు ఎక్కువ భూమి కావలయును.

అట్లయిన మీరేమి చేయుమందురు అని యడుగవచ్చును. వరదసహాయమునకైనచో విమానాశ్రయముకొరకు కాచుకొని యుండ పనిలేదు. భద్రాచలము, బూర్గంపాడు, దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలో 1986 నాటి నీటిమట్టముకంటె ఎత్తైన చోట్ల హెలికాప్టరు దిగు తిన్నెలు, ప్రతి తిన్నెవద్ద గాలిసంచి, మబ్బు ఎత్తు కొలుచు పరికరము, రాత్రి వెలుగు, దానిని చూచుకొను మనిషి ఉండవలయును. మబ్బు అరగంట సందిచ్చినపుడు ఆ అరగంటను పట్టుకొనుటకు ఇవి చాలును. సందీయనపుడు పడవలు, త్రాళ్లు, ఈతగాండ్రు, జె.సి.బి.లు ఊరిలో సిద్ధముగా నుండవలయును. మున్నేటి వంతెనమీద ప్రాణములు నిలిపినవి అవియే.

ప్రయాణికుల విమానాశ్రయము సంగతి వేరు. రన్‌వే దిక్కును నిర్ణయించుటకు గాలి వీచు తీరును సాధ్యమైనన్ని సంవత్సరములు, కనీసము ఐదేండ్లు, లెక్కకట్టుట మేలని అంతర్జాతీయ నియమములు చెప్పుచున్నవి. అడ్డగాలివలన మూతపడక నూటికి తొంబదియైదు పాళ్లకు తక్కువ కాకుండ అది వాడుకలో నుండవలయునని గూడ చెప్పుచున్నవి. పక్షుల లెక్కకు ఆరు ఋతువులును తిరిగిరావలయును. స్థలపరీక్షకు బృందము వచ్చి ఒకటి రెండు దినములుండి పోవును. వారికి మనమీయవలసినది పూలదండలు గాదు. ఆ లెక్కల పుస్తకము. గాలికొలత స్తంభ మొకటి, వానకొలత పాత్ర యొకటి, ఉదయసాయంకాలములందు పిట్టలను లెక్కించి వ్రాయుటకు అడవి తెలిసిన కోయయువకు లిద్దరు చాలును. వీనికి భూసేకరణ అక్కరలేదు, కేంద్రపు అనుమతి అక్కరలేదు. జిల్లాపరిషత్తు తలచినచో ప్రతిపాదనలోనున్న ప్రతి స్థలమునందును వచ్చు కార్తెలోపల నిలుపవచ్చును.